మండెలోంచి తీసిన చెయ్యి

మొన్న మా కోడలు టమాటా గింజల్ని తడిగుడ్డలో చుట్టి, ఓ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, టీవీ పక్కనుండే సెట్‌టాప్ బాక్సు మీద ఉంచింది. పైసా ఖర్చు లేని వెచ్చదనమట, ఈ చలికి అలా అయితేగాని మొలకలు రావట. ఉపాయం బాగుందని మెచ్చుకున్నాను. డబ్బా మీద చెయ్యి పెట్టి వేడి సరిపోయిందో లేదో చూడమని అడిగేసరికి మాత్రం, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వసారాలోకి వచ్చేశాను. ఎందుకు లేచి వచ్చానో ఆ పిల్లకి చెప్పలేదు. మీకు చెప్పుకుంటాను.

నా ఈడువాళ్ళలో పల్లెల్లో పెరిగినవాళ్ళందరికీ మండె తెలిసే ఉంటుంది. వడ్లు ఒక రోజంతా నానబోసి, నీళ్ళు వార్చి, గోనెసంచిలో మూటగట్టి, కిందా పైనా వరిగడ్డి వేసి బరువు పెడితే లోపల దానంతటదే ఉడుకు పుట్టి మొలకలొస్తాయి. వానాకాలం సార్వా పంటకి బాధ లేదు, చలికాలం దాళ్వాకే మండె మొండికేస్తుంది. పి.గన్నవరం దగ్గర మా పల్లెలో నాన్నగారు దాన్ని గొడ్ల సావిట్లో ఆవు పడుకునే మూల కట్టి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి, రోజూ పొద్దున్నే మోచేతి దాకా సంచిలోకి చెయ్యి దూర్చి ఉడుకు చూసేవారు. తక్కువైతే గడ్డి కప్పేవారు, ఎక్కువైతే నీళ్ళు చల్లేవారు. తమ మండె చూసిపెట్టమని పక్క రైతులు కూడా ఆయన్ని పిలుచుకెళ్ళేవారు. ఆ చేతి మీద మా అందరికీ గురి, అమ్మకి మరీను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక దాళ్వాకి మండె రెండు రోజులైనా రాజుకోలేదు. ఇంట్లో ఉన్న విత్తనమంతా అదే కావడంతో నాన్నగారికి అన్నం కూడా సయించలేదు. మూడోనాడు పొద్దున్న చెయ్యి పెట్టేసరికి లోపల కుతకుతలాడుతోంది. ఆనందం పట్టలేక సంచి నాలుగు వైపులా చెయ్యి తిప్పి చూస్తూ ఉండిపోయారు. అప్పుడే అమ్మ, ఏడాది నిండని మా చెల్లిని ఎత్తుకుని సావిట్లోకి వచ్చింది.

“పిల్ల ఒళ్ళు కాలుతున్నట్టుందండీ, ఓసారి చూడండి.”

ఆయన చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని చెల్లి నుదుటి మీద పెట్టారు. “ఏం లేదే, చల్లగానే ఉంది. చలిగాలి తగిలుంటది, కప్పి పడుకోబెట్టు.”

అమ్మ తన చేతిని నమ్మలేదు, ఆయన చేతిని నమ్మింది. ఆ రోజంతా చెల్లి మూలుగుతూనే ఉన్నా, నాన్నగారు చూశారు కదా అని ఊరుకుంది. మర్నాడు పొద్దున్న పిల్ల కళ్ళు తేలేస్తే బస్సులో అమలాపురం పరిగెత్తారు. నిన్ననే తీసుకురావలసిందండీ అన్నారు డాక్టరుగారు. నాన్నగారు “ఆయ్” అన్నారు, అంతే. సాయంత్రం బస్సులో చెల్లిని అమ్మ ఒళ్ళో పెట్టుకునే తిరిగి వచ్చారు, కానీ పిల్లలో ప్రాణం లేదు.

మా మొలకలు పక్క రైతు చల్లిపెట్టాడు. ఆ ఏడు నారు ఎప్పుడూ లేనంత ఒత్తుగా వచ్చింది. అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆ తరవాత మాలో ఎవరికి జ్వరమొచ్చినా నాన్నగారు గుమ్మం దగ్గరే నిలబడి, ఎలా ఉందని అమ్మని అడిగేవారు తప్ప, మా నుదుటి మీద చెయ్యి వెయ్యలేదు. టైఫాయిడ్‌తో నేను పడి ఉన్న ఇరవై రోజులూ ఆ చెయ్యి కోసమే చూశాను.

హైస్కూల్లో సైన్సు మాస్టారు ఓ రోజు మా చేత ముందు వేడి నీళ్ళలోనూ, వెంటనే గోరువెచ్చటి నీళ్ళలోనూ చేతులు పెట్టించారు. రెండో గిన్నె చల్లగా తగిలింది. క్లాసంతా నవ్వుతుంటే నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు మా ఊళ్ళో చాలామందికి ట్రేలలో నారు వస్తోంది, నాట్లు యంత్రం వేస్తోంది. ప్రతి ఇంట్లోనూ జ్వరం చూసే పరికరం ఉంది, ఎవరి చేతినీ నమ్మక్కర్లేదు. నాన్నగారికి మాత్రం ఆ గిన్నెల సంగతి నేను చెప్పలేదు. చెబితే ఆయన బరువు దిగేదో, చెయ్యి చల్లారేదాకా ఆగి ఉంటే పిల్ల దక్కేదని కొత్త బాధ మొదలయ్యేదో తెలియక, ఎన్నోసార్లు నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.