సీట్లో కూర్చోని పహిల్వాన్

కొల్హాపూర్ కుస్తీ తాలీంలో పెరిగిన హిందూరావ్ మగదూమ్ ఏడాదిపాటు నా బస్సులో టికెట్టు కొన్నాడు గాని ఒక్కసారీ సీట్లో కూర్చోలేదు. కండక్టర్ని నేను, నా కళ్లతో చూశాను.

అంతకుముందు ఒకసారి ఏడు గంటలు బస్సు కిటికీ పక్కన కునికి, బిగుసుకుపోయిన కాళ్లతో నేరుగా జాతర గోదాలోకి దిగాడు. సదాశివ్ ఖోత్ అనే పహిల్వాన్ అతన్ని రెండు నిమిషాల్లో వెల్లకిలా పడేశాడు. అంతటితో ఊరుకున్నాడా? చిన్నపిల్లల కుస్తీల్లో గెలిస్తే ఇచ్చే రేవడీల, అదే నువ్వుల బిళ్లల, పొట్లం తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "బస్సులో కూర్చుని చప్పరించుకుంటూ పో, చిన్నోడా!" జాతరంతా పగలబడి నవ్వింది.

హిందూరావ్ ఆ పొట్లం విప్పలేదు. అప్పటినుంచి ఏ ఊరి కుస్తీకి వెళ్లినా దారంతా నిలబడేవాడు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి యాభై బస్కీలు తీసేవాడు. జనం విసుక్కుంటే, "మీకు ఆలస్యమేగా, నాకు అవమానం" అనేవాడు. అవి పూర్తయ్యేదాకా నేను గంట కొట్టేవాణ్ణి కాదు. ఆ ఖోత్‌గాడి నవ్వు నాకూ మండింది మరి.

మొన్న అదే జాతరకు ఖోత్ తన మేనమామ కారులో దర్జాగా పడుకుని వచ్చాడు. హిందూరావ్ వాణ్ణి మట్టిలో పరిచి, చీమలు పట్టిన ఆ పాత పొట్లాన్ని వాడి గుండెల మీద పెట్టాడు. "కార్లో కూర్చుని చప్పరించు, చిన్నోడా!"

తిరుగు ప్రయాణంలో హిందూరావ్ నా బస్సు మొదటి సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"ఏం పహిల్వాన్, ఇవాళ బస్కీలు లేవా?" అన్నాను.

"నా వంతు అయిపోయింది మామా. ఇక వాడు తీస్తాడు."