రెక్క అంచున పూసిన పసుపు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు కనుకనే మీకు చెప్పగలుగుతున్నానేమో. పక్కన ఉయ్యాలలో నా ఎనిమిది నెలల కూతురు నిద్రపోతోంది. ఈ నాలుగు మాటలు రాసేలోపే రెండుసార్లు లేచి ఉయ్యాల తాళ్లు లాగి చూశాను. "తెగిపోతాదా ఏంది, ఊరికే పీకుతాండావ్" అని మా అత్త ఎగతాళి చేస్తుంది. చూడాల్సిన రోజున నేను చూడలేదని ఆమెకు తెలియదు.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. బి.ఏ. ముగించి నంద్యాలలో ఉన్నాను. ఆ ఏడు వానలకు ఆళ్లగడ్డ దారి తెగిపోతే, ఊరి బయట చదును చేసిన చేలోంచి ఒక చిన్న సరుకుల విమానం అక్కడికి బియ్యం, మందులు మోసేది. దాని దగ్గర నాకు గుమాస్తా పని దొరికింది. విమానం లేచే ముందు చూడవలసినవన్నీ ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం ఉండేది. నేను ఒక్కొక్కటే తెలుగులో చదివితే, మెకానిక్ మస్తానన్న తడిమి చూసి "సరే" అనేవాడు. నేను టిక్కు పెట్టేదాన్ని.

అందులో ఒకటి, రెక్క అంచున ఉండే వేలంత గొట్టం. దాని కన్నంలోకి గాలి దూరితేనే లోపల వేగం చూపే ముల్లు కదులుతుంది.

ఆయుధ పూజ నాడు అన్నీ చూసి టిక్కులు పెట్టేశాక, విమానానికి కూడా పూజ చేయాలన్నారు. ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా ఇంట్లో నాగలి కర్రు మొనకు మెత్తినట్టే ఆ గొట్టం మొనకు పసుపు ముద్ద మెత్తి కుంకుమ పెట్టాను. రోజూ దాని పేరు చదివే నేను!

మస్తానన్న నవ్వాడు. "పెండ్లికూతురికి పూసినట్ల పూసినావే! కన్నంలోకి పోయిందేమో. ఇంగోతూరి సదువమ్మా, సూస్తా."

"ఇందాకే టిక్కు పెట్టినా గదన్నా. పైలట్ ఆడ మొత్తుకుంటాండాడు."

"మొత్తుకోనీలే. ఒక్క నిమిషం."

"పోలేదులే. నేను సూసినా."

నేను చూడలేదు. చదువుకున్నదాన్ని, తప్పు చేశానని అందరి ముందూ తేలితే నవ్వుతారని అనిపించిందా? లేక నిజంగానే అది అంత చిన్న విషయం అనుకున్నానా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా తెలియడం లేదు. ఆయన నా మాట నమ్మి పక్కకు జరిగాడు.

విమానం లేచాక ముల్లు కదలలేదు. వేగం తెలియక పైలట్ ఆళ్లగడ్డలో మరీ జోరుగా దించాడు. విమానం చేను దాటి గట్టుకు కొట్టుకుంది. బస్తాలు తాళ్లు తెంచుకుని, వాటిని దించడానికి వెంట వెళ్లిన ఆళ్లగడ్డ కూలీ ఓబులేసు మీద పడ్డాయి. అతని కాలు తీసేశారు.

గొట్టంలో ఎండిన పసుపు దొరికింది. విచారణకు వచ్చిన అధికారి నన్ను అడిగాడు, పూజ తర్వాత మళ్లీ చూశారా అని. మస్తానన్న నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"చూశానని మెకానిక్ చెప్పినాడు" అన్నాను.

ఆయన నోరు తెరిచి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. కాగితం మీద నా టిక్కులన్నీ సరిగ్గానే ఉన్నాయి కనుక నా మాటే నమ్మారు. ఆయన పని పోయింది.

మరుసటి ఏడు నాకు పెళ్లయి ఈ ఆళ్లగడ్డకే వచ్చాను. ఓబులేసు చంకకర్రలతో మా వీధిలోనే నడుస్తాడు. ఆ చప్పుడు వినిపిస్తే బిడ్డను లోపలికి తీసుకుపోతాను. అతనేం చేస్తాడని? ఏమీ చేయడు. నేను చేసినదానికి శిక్ష ఏదో ఒక రూపంలో వస్తుందనీ, నన్ను వదిలేసి బిడ్డ మీద పడుతుందనీ నా భయం.

పోయిన వారం మా బావి దగ్గర ఇంజను బాగు చేయడానికి మస్తానన్నే వచ్చాడు. మజ్జిగ లోటా చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆయన గుర్తుపట్టాడు. బిడ్డను చూసి, "నీ కూతురామ్మా? బాగా సూసుకో" అన్నాడు. అంతే. దీవించాడా, గుర్తు చేశాడా? ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

నిజం బయటపడితే ఈ ఇంట్లో నాకు చోటుంటుందో లేదో తెలియదు. పొద్దున లేచి ఈ కాగితం మస్తానన్నకు ఇచ్చే ధైర్యం వస్తుందని కూడా చెప్పలేను. కానీ పసుపు మెత్తింది నేను. మళ్లీ చూస్తానంటే వద్దన్నది నేను. ఆయన అనని మాట అన్నాడని చెప్పింది నేను. ఆ విచారణ తర్వాత ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అడగలేదు. ఇవాళ నాకై నేనే చెప్పాను.