నేను తీసేసిన పాఠం

ఎనభైల చివర్లో ఉప్పళంలో ఒక మేడమీద గదిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. యానాం నుంచి కొత్తగా వచ్చాను, నోటి దురుసు కాస్త ఎక్కువ. మూడు మిషన్లు, ఒక ఏసీ, చెప్పులు బయటే విడవాలి. రెండు నెలల కోర్సులో చివరి పదిహేను రోజులు ప్రోగ్రామింగ్ ఉండేది. చిన్నచిన్న ప్రోగ్రాములు రాయించి, కావాలని అందులో తప్పు పెట్టి, మిషన్ ఆ తప్పునే ఎంత ధీమాగా చేస్తుందో చూపించేవాణ్ని.

అది తీసేద్దామన్నాడు యజమాని. సైకిల్ తొక్కేవాడికి చైను తయారుచేయడం ఎందుకన్నాడు. నేను గట్టిగా వాదించలేదు. ఆ పదిహేను రోజులూ నా ప్రాణం తోడేసేవి, సగంమంది ఆవలించేవాళ్లు. ఏ మీట నొక్కితే ఏం వస్తుందో చెబితే చాలనుకున్నాను. ఎందుకలా వచ్చిందని ఎవరైనా అడిగితే, మిషన్ తప్పు చెయ్యదు, తప్పంతా మీ వేళ్లదే అని నోరు మూయించేవాణ్ని.

అలా నేను నోరు మూయించినవాళ్లలో సేదరపేట్‌లోని ఒక ఫ్యాక్టరీ టైపిస్టు ఉంది. ముప్పై దాటిన మనిషి. తరాలుగా ఈ తమిళ ప్రాంతంలోనే స్థిరపడిన తెలుగువాళ్లు; ఇంట్లో మాట్లాడతారు గాని తెలుగు చదవడం రాదు. అన్న కూడా అదే ఫ్యాక్టరీలో కార్మికుడు, ఆమె అతని ఇంట్లోనే ఉండేది. శ్రద్ధగా నేర్చుకుని వెళ్లి, కార్మికుల హాజరు కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో కూర్చుంది.

కొన్ని నెలల తర్వాత కాగితాల కట్టతో మళ్లీ వచ్చింది. ఫ్యాక్టరీలో నెల మధ్యలో రాత్రి షిఫ్టు కొత్తగా పెట్టి ఆరుగురిని వేశారట, వాళ్లలో అన్న ఒకడు. నెలాఖరుకు ఆ ఆరుగురూ పన్నెండేసి రోజులు పనికి రాలేదని కంప్యూటర్ చెప్పింది. గేటు దగ్గర గడియారంలో గుద్దిన కార్డులు చూస్తే రోజూ వచ్చినట్టే ఉంది. ఎవడో ఒకడు అందరి కార్డులూ గుద్దాడని, కంప్యూటర్ దొంగల్ని పట్టేసిందని మేనేజరు ఆరుగురినీ పీకేశాడు.

"మూడు తూర్లు కొట్టినా సార్. మూడు తూర్లూ అట్నే వచ్చింది. ఇంక మిషన్ మాటే నిజమనుకొని, పని ఎగ్గొట్టి యాడికి పోతుండావని అన్నను అందరి ముందరా అడిగినా. ఒట్టు పెట్టినాడు. నేను నమ్మలేదు."

ఆ కట్టలో ప్రోగ్రాము ప్రింటు కూడా ఉంది. చూశాను. వెళ్లిన గంటలోంచి వచ్చిన గంటను తీసేస్తోంది. రాత్రి పదికి వచ్చి పొద్దున ఆరుకు వెళ్లినవాడికి ఇరవైనాలుగు గంటల లెక్కన ఆరులోంచి ఇరవైరెండు తీసేసి, సున్నాకంటే తక్కువ వచ్చింది కాబట్టి రానట్టే అని రాసుకుంటోంది. ఒక్క వరుస. చైను తయారుచేయడం రానక్కర్లేదు, అది ఊడుతుందని తెలిస్తే చాలు. ఆ పదిహేను రోజులు నేను చెప్పి ఉంటే ఆమె కనీసం అనుమానపడేది. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నీ వేళ్లది కాదమ్మా అని మాత్రం అనగలిగాను.

మేనేజరుకు ఉత్తరం రాసిచ్చాను. అతను ప్రోగ్రాము సరిచేయించాడు గాని, ఆ ఆరుగురిని తిరిగి తీసుకోలేదు. తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. ఈ సంగతి చెప్పడానికే ఆమె ఇంకోసారి వచ్చింది. మీ అన్నకు చెప్పావా అని అడిగాను.

"చెప్పినా సార్. తప్పు మిషన్‌దేనంట, నువ్వు రోజూ పనికి పోయినావంట అని అన్నా. 'పోయినోణ్ని నేనే కదా, నాకేంది చెప్పేది' అన్నాడు."