సిస్టరక్క జోడు బిస్కెట్లు

క్రిస్మస్ సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి ఈసారి వంటింటిని తన అధీనంలోకి తీసుకుంది. ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి, అందులో ఎవరో చెబుతున్న ప్రకారం మైదా, చక్కెర పొడి, వెన్న కొలుచుకుంటూ, నడుమ చాక్లెట్ పూసి రెండేసి బిస్కెట్లను అతికించే వంటకమొకటి మొదలుపెట్టింది. చాలా సులువట. చాలా సులువని చెప్పే వంటలన్నిటిలోనూ గిన్నెలు తోమే పని నాకే మిగులుతుందని అనుభవం మీద తెలుసు కాబట్టి నేను దూరంగా కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. మదనపల్లె చలికి వెన్న మెత్తబడనని మొండికేసింది. కాస్త పెద్ద గిన్నె కావాలంటూ పిల్ల స్టూలెక్కి అటక మీద వెతికి, పాత గుడ్డలో చుట్టి ఉన్న స్టీలు గిన్నె ఒకటి దించింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు చదివి, "అవ్వ అని ఉందే, ఎవరిదమ్మా ఇది?" అని అడిగింది. "నాకు తెలీదే" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోటికి దానంతటదే వచ్చింది. ఆ మాట నా నోటికి పదేళ్ల వయసులోనే అలవాటైంది.

తొంభైల్లో మేము పుంగనూరులో ఉండేవాళ్లం. నాయనకు బజారులో చిల్లర అంగడి. ఇంట్లో పెత్తనం మాత్రం ఆయన తల్లిది, అంటే మా అవ్వది. ఆమె నోట్లో పళ్లన్నీ గట్టిగా ఉండేవి, మాటలు వాటికన్నా గట్టివి. ఉల్లిపాయ తిన్నవాళ్లు తన పక్కన కూర్చుంటే పీట జరుపుకునే మనిషి. అలాంటి ఇంటి మిద్దె మీది గదుల్లోకి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒకామె అద్దెకు వచ్చింది. సదుం పక్క పల్లె ఆమెది. తల్లిదండ్రులు కూలికి పోయి చదివించారు, ఈమె ఉద్యోగం సంపాదించింది. చర్చికి పోయేవాళ్లు. నాయన అద్దెకివ్వడానికి ఒప్పుకుని, ఇంట్లో ఆ మాట చెప్పడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకున్నాడు. అవ్వ అంతా విని, నీసు వండకూడదని ఒక షరతు పెట్టి, కాసేపాగి, "గుడ్డయితే కానీలే, దాని వాసన కిందికి రాదు" అని తానే ఒక మినహాయింపు ఇచ్చింది. వీధిలో పిల్లలందరం ఆమెను సిస్టరక్క అని పిలిచేవాళ్లం.

సిస్టరక్క డ్యూటీ నుంచి వస్తూ వారానికొకసారి అవ్వకు బీపీ చూసేది. చేతికి గుడ్డ పట్టీ చుట్టించుకుని గాలి కొట్టించుకోవడం మా అవ్వకు పెద్ద వేడుక. ఆ రోజు ఉదయం నుంచే గాజులు పైకి తోసుకుని అరుగు మీద కూర్చునేది. బీపీ ఎక్కువుందంటే మా అమ్మ వల్లనేననీ, తక్కువుందంటే తన మంచితనం వల్లననీ తేల్చేది. కొన్నాళ్లకు ఎవరైనా అడిగితే "మా సిస్టరు" అనే దాకా వచ్చింది. అయినా మిద్దె మీద వండినది మాత్రం ముట్టేది కాదు. క్రిస్మస్‌కు సిస్టరక్క పళ్లెం నిండా కేకు ముక్కలూ పిండివంటలూ తెచ్చి ఇస్తే రెండు చేతులా అందుకునేది, ఆ పళ్లెం ఖాళీగా పంపకూడదని చక్కెరో అరటిపండ్లో పెట్టి తిరిగి పంపేది. సిస్టరక్క మెట్లెక్కగానే వాటిని పనామె పిల్లలకిమ్మని నా చేతికిచ్చేది. పనామె పెరట్లో అంట్లు తోముతూ ఉండేది. వాకిట్లోంచి పెరటికి పోయే దారిలో, మా పొట్టి ఆవును కట్టేసే చావిడి చాటున, ఆ పళ్లెంలో సగం నా కడుపులోకి పోయేది. అందుకే మా వీధిలో నాకంటే ఆత్రంగా క్రిస్మస్ కోసం ఎదురుచూసినవాళ్లు ఉండి ఉండరు.

మూడో ఏడాది సిస్టరక్క జోడు బిస్కెట్లు చేయాలనుకుంది. మదనపల్లె నుంచి కోకో పొడి తెచ్చింది. రెండేసి బిస్కెట్ల మధ్య చాక్లెట్ ముద్ద పెట్టి అదుమాలి, అంతే. ఆ రోజుల్లో ఇళ్లలో ఓవెన్లెక్కడివి? పిండి కలిపి, బిస్కెట్లు ఒత్తి, రేకు పళ్లేలలో పేర్చి పక్క వీధి బేకరీకి మోసుకుపోవడమే. మధ్యాహ్నం రొట్టెలు తీసేశాక పొయ్యి వేడి వృథా కాకుండా అక్కడ ఊళ్లోవాళ్ల బిస్కెట్లు కాల్చి ఇచ్చేవాళ్లు. ఒకేసారి నాలుగైదు ఇళ్ల పళ్లేలు లోపలికి పోతాయి కాబట్టి, కలిసిపోకుండా ఎవరి గుర్తు వాళ్లు బిస్కెట్ల మీద పచ్చిగా ఉండగానే వేసుకోవాలి. ఒకరు వేలితో నొక్కేవాళ్లు, ఒకరు తాళంచెవి అచ్చు వేసేవాళ్లు. సిస్టరక్కది సోడాసీసా మూత గుర్తు. గుర్తులు వేసే పని ఆ రోజు నాకు అప్పగించింది. ఒక గిన్నెలో డాల్డా, చక్కెర గిలకొట్టి, రెండు గుడ్లు పగలగొట్టి పోసింది. గుడ్డు పగలడం అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. కళ్లు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి చూశాను.

ఆ పిండి పని అయ్యాక సిస్టరక్క పోయి తలకు పోసుకుని వచ్చింది. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, బీరువాలోంచి కొత్త స్టీలు గిన్నె బయటికి తీసింది. దానికి అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంటే గోటితో గీకి తీసింది నేనే. అంచు మీద అప్పటికే అవ్వ అని చెక్కించి ఉంది. ఇదెందుకక్కా అని అడిగితే, "అవ్వకు చేసేది అవ్వ మాదిరే చేయాల గదా పాపా" అంది. గుడ్డు లేకుండా, పాలపొడి వేసి, విడిగా ఇంకో పిండి కలిపింది. వాటి మీద నాతో కొత్త ఫోర్కుతో మూడు గీతలు వేయించింది. సోడామూత గుర్తున్నవి మామూలువి, మూడు గీతలవి అవ్వవి. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు.

సాయంత్రం ఇరవై నాలుగు బిస్కెట్లు పళ్లెంలో పేర్చుకుని సిస్టరక్క కిందికి వచ్చింది. గుడ్డు లేదని, గిన్నె కూడా కొత్తదని అవ్వకు మెల్లగా చెప్పింది. అవ్వ చాలాసేపు ఆమె ముఖం చూసింది. తర్వాత, "నువ్వు సెప్తాండావు కాబట్టి తింటాండా" అని ఒకటి తీసుకుని కొరికింది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అవ్వ మొదటిది తిని, రెండోదీ తింది. పెదాల పక్కనంటిన చాక్లెట్ కొంగుతో తుడుచుకుంది. సిస్టరక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వుతూ పైకి వెళ్లిపోయింది.

నాకూ రెండిచ్చింది అవ్వ. మిగిలినవి డబ్బాలో పోసి, వాయల్పాడులో ఉన్న మా అత్త పిల్లలు ఆదివారం వస్తారనీ, వాళ్ల కోసం దాచాలనీ పెట్టెలో పెట్టి తాళం వేయబోయింది. ఇక్కడే నా బుద్ధి వంకరపోయింది. ఏటా నాకు దక్కే పళ్లెం ఈ ఏడు గుడ్డు లేకపోవడం వల్ల నా చేయి జారిపోతోంది. గుడ్డుంటేనే నాకు లాభం. అంతకుమించి ఆ బుర్రలో ఏమీ లేదు. అవ్వ దగ్గరికి పోయి, "అక్క గుడ్లు కొడతాంటే నేను సూసినా" అన్నాను.

అవ్వ ముఖం ఎలా అయిపోయిందో ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఏమీ అరవలేదు. పెరట్లోకి పోయి గొంతులో వేలు పెట్టుకుని వాంతి చేసుకుంది. ఆ చలిలో బావి నీళ్లు నెత్తిన పోసుకుంది. తడిచీరతోనే వాకిట్లోకి వచ్చి సిస్టరక్కను కిందికి పిలిచింది. "అరవై ఏండ్లు కాపాడుకున్న నోరు. ఒక్క పూటలో సెడగొడితివే సిస్టరూ" అంది. సిస్టరక్క మొదట అర్థంకాక నిలబడింది, తర్వాత పరుగున పైకి పోయి ఆ కొత్త గిన్నె తెచ్చి అవ్వ ముందు పెట్టింది. వేరేగా చేశానని, తలకు పోసుకుని చేశానని ఎంతో చెప్పుకుంది. గిన్నె నోరు తెరిచి సాక్ష్యం చెబుతుందా అని అవ్వ అడిగింది. అప్పుడు సిస్టరక్క నావైపు తిరిగింది. ఇక భయం లేదన్నట్టు ఆమె ముఖం తేటపడింది.

"పాప ఉండాది గదవ్వా. పాపా, అంతా నీ ముందరే గదా చేసినా. ఏ గిన్నెలో ఏమేసినానో సెప్పమ్మా."

అవ్వ చూస్తోంది. అమ్మ, నాయన చూస్తున్నారు. నిజం చెబితే వీపు చిట్లిపోతుంది. "నాకు తెల్దు" అన్నాను.

సిస్టరక్క నన్ను చూసిన చూపులో కోపం ఉన్నా బాగుండేది. గిన్నె చేతిలోకి తీసుకుని మెట్లెక్కింది. అవ్వ పళ్లెం కడిగించి నా చేతికిచ్చి పైన ఇచ్చి రమ్మంది. అందులో చక్కెర లేదు, పండు లేదు. మా ఇంట్లోంచి ఖాళీ పళ్లెం బయటికి పోవడం నాకు తెలిసి అదొక్కసారే. దాన్ని తలుపు దగ్గర పెట్టి, పిలవకుండా దిగి వచ్చేశాను. డబ్బాలోని బిస్కెట్లు నేననుకున్నట్టే పనామెకిమ్మని నా చేతికి వచ్చాయి. చావిడి చాటున ఆవు చూస్తుండగా పదకొండు తిన్నాను. గొంతు దిగలేదని రాస్తే నాకు మర్యాదగా ఉంటుంది కానీ, అది అబద్ధం. చాలా బాగున్నాయి.

నెల తిరగకుండా సిస్టరక్క ఆసుపత్రి దగ్గర వేరే గది చూసుకుని వెళ్లిపోయింది. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. కొన్నాళ్లకు బదిలీ అయిందన్నారు. అవ్వ బీపీ చూపించుకోవడమే మానేసింది. నేను మాత్రం నాకు నేను ఒక లాయరును పెట్టుకున్నాను. గుడ్లు కొట్టడం చూశానన్నాను, అది నిజమే కదా. తెలీదన్నాను, అది చిన్నపిల్ల మాట కదా. ఆ లాయరు చాలా ఏళ్లు బాగానే వాదించాడు.

నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నప్పుడు అవ్వ మంచాన పడింది. సెలవులకు ఇంటికి పోయి పక్కన కూర్చున్నాను. ఏదో మాట్లాడుతూ ఉన్నట్టుండి, "ఆ సిస్టరు నిజంగా గుడ్డేసింటుందంటావా?" అని అడిగింది. అవ్వ పైకప్పును చూస్తూ, "తినింది రెండే. శానా బాగుండె" అంది. ఆ వయసులో నన్ను కొట్టేవాళ్లెవరూ లేరు. అవ్వకు లేచే సత్తువే లేదు. అయినా నేను, "ఎప్పటి మాటో అది, ఇప్పుడు యాలవ్వా" అని దుప్పటి సర్దాను. రెండు నెలలకు అవ్వ పోయింది. చిన్నప్పటి మాటకు వయసు అడ్డం పెట్టుకోవచ్చు. ఈ మాటకు అడ్డం పెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం రీత్యా కొన్నేళ్లు కుప్పంలో ఉన్నాం. చుట్టూ కన్నడం, అరవం కలిసిన తెలుగు వినబడే ఊళ్లో, చంటిదానికి టీకా వేయించడానికి ఆసుపత్రికి పోతే, సూది వేయడానికి వచ్చింది సిస్టరక్క. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. పిల్లకు సూది వేసి, ఏడుపు మాన్పించి, నన్ను తేరిపారా చూసి, "పుంగనూరు పాపవు గదా నువ్వు?" అంది. అది డిసెంబరు నెల. పండక్కి క్వార్టర్సుకు రమ్మని మరీ మరీ చెప్పింది. పోకుండా ఉందామని మూడు రోజులు సాకులు వెతికి, నాలుగో రోజు పోయాను. కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఒక గిన్నె నా ముందు పెట్టింది. అదే గిన్నె. అంచున అవే అక్షరాలు. లోపల జోడు బిస్కెట్లు, పైన మూడేసి గీతలు. "ఇవి గుడ్డు లేనివి. మీరు తినరు గదా" అంది. ఎక్కడికి పోయినా క్రిస్మస్‌కు ఆ గిన్నెలో ఒక వాయి విడిగా చేస్తుందట, తినని వాళ్ల కోసం.

అప్పుడు చెప్పేశాను. పెట్టె తాళం, చావిడి చాటు, పదకొండు బిస్కెట్లు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను కాబట్టి ఎంత అర్థమైందో తెలీదు. సిస్టరక్క నా ఒళ్లోని పిల్లను ఎత్తుకుని విని, "ఆ పొద్దే నాకు తెలుసు గదమ్మా, నువ్వు నా పక్కనే ఉంటివి" అంది. "పదేండ్ల పిల్లవు. నీ మింద నేనెప్పుడూ కోపం పెట్టుకోలేదు." నా ప్రాణం తేలికపడింది. అంతలో ఆమె అడిగింది.

"అవ్వకు సెప్పినావా?"

లేదన్నాను. అవ్వ పోయిందని చెప్పాను. సిస్టరక్క పిల్ల వీపు నిమిరింది.

"నన్ను నమ్మి తినింది గదమ్మా. పోయే ముందరన్నా సెప్పింటే బాగుండు" అంది, అంతే. నేను లేస్తుంటే బిస్కెట్లు గిన్నెతో సహా చేతిలో పెట్టింది. అవ్వ పేరుతో చేయించింది కాబట్టి మా ఇంట్లోనే ఉండాలంది. తర్వాత మేము కుప్పం వదిలాం. ఆమె రిటైరై సదుం పక్కన సొంతూళ్లో ఉంటోందని విన్నాను. గిన్నెను మాత్రం నేను గుడ్డలో చుట్టి అటకెక్కించాను. రోజూ కంటికి కనబడితే తట్టుకోలేనని.

చిక్కుడుకాయలు వలవడం అయిపోయింది. "అమ్మా, గుడ్డు వేయాలా వద్దా?" అని పిల్ల వంటింట్లోంచి కేకేసింది. లేచి పోయి, వద్దని చెప్పి, ఫోర్కు తీసుకుని ఒక్కొక్క బిస్కెట్ మీద మూడు గీతలు వేస్తూ ఆ గిన్నె ఎవరిదో చెప్పాను. కుప్పంలో అది టీకాకు ఏడ్చిన దాకా మొత్తం చెప్పాను. పిల్ల నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. రేపు సదుం పోయి గిన్నె నిండుగా ఇచ్చేసి వద్దామంది. సరేనన్నాను. పోతాం, ఇస్తాం, సిస్టరక్క రెండు చేతులా తీసుకుంటుంది. ఇంట్లో ఓవెన్ లేని ఆ రోజు బిస్కెట్లు కాలడానికి మధ్యాహ్నమంతా పట్టింది. నేను అవ్వకు చెప్పాల్సిన మాటకు అరనిమిషం చాలు. ముప్పై ఏళ్లయినా ఆ అరనిమిషం నా దగ్గరే ఉంది, అడిగిన అవ్వే లేదు.