మోటారు షెడ్డు నుంచి మోగిన గంట

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తరవాత నవ్వలేరు. నా పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇది నాకు జరిగింది.

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. రావులపాలెంలో మాదొక లోకల్ కేబుల్ ఛానల్. వరదలొస్తే వాడపల్లి దగ్గర గట్టు కింద మోటారు షెడ్డులో కెమెరా పెట్టి, గోదారి ఎంత పెరిగిందో రాత్రింబవళ్లు చూపించేవాళ్లం. బొమ్మ పంపే పెట్టె కూడా అక్కడే. ఆ పెట్టె నుంచి జవాబు ఆగిపోతే కంట్రోల్ రూములో గంట మోగేలా కంప్యూటర్లో అలర్టు పెట్టింది నేనే. పెద్ద మొనగాణ్ణనుకున్నాను.

షెడ్డులో ఫోను అందదు. అందుకే మా లైన్‌మన్ సూర్రావుగారు ఒక పద్ధతి పెట్టారు.

"పెట్టె తీగ పీకి పెడతానండీ. మూడుసార్లు మోగితే నేను చేరినట్టు. ఆగకుండా మోగితే మనిషిని పంపించెయ్యండి."

"ఆయ్, అలాగేనండీ" అన్నాను.

ఆ రాత్రి ఒకటే వాన. బొమ్మ పోయింది. ఆయన మోపెడ్ తీశారు. పొద్దున చూద్దాంలెండి అని నేను అనాల్సింది. అనలేదు.

ఆయన వెళ్లాక కూడా గంట ఊరుకోలేదు. కరెంటు వచ్చి పోతున్నకొద్దీ మోగుతూనే ఉంది. చిరాకేసి ఆ పెట్టె అలర్టు తీసేశాను. ఆయన పద్ధతి... గుర్తే లేదు. కునుకు పట్టింది.

టింగ్... టింగ్... టింగ్.

హమ్మయ్య, చేరారు అనుకున్నాను. అటు తిరిగి పడుకోబోయి... ఆగిపోయాను. అలర్టు తీసేశాను కదా?

లేచి స్క్రీన్ చూశాను. తీసేసే ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. తీసేసే ఉంది. బయట అరటిగెలల లారీ ఒకటి వెళ్లింది... ఆ తరవాత వాన చప్పుడే.

అప్పుడు మొదలైంది. ఆగకుండా. గంట తీగ పీకేశాను. తీగ నా చేతిలోనే ఉంది... గంట ఇంకొక్కసారి మోగింది. మెల్లగా.

మనిషిని పంపాల్సింది. నేనైనా పోవాల్సింది. తలుపు తియ్యడానికే భయమేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, తెల్లారేదాకా మూల కూర్చున్నాను.

పొద్దున షెడ్డులో నడుము లోతు నీళ్లు. కూలిన గోడ కింద కాళ్లు ఇరుక్కుని సూర్రావుగారు. పెట్టె తీగ గుప్పిట్లోనే ఉంది. ప్రాణం ఎప్పుడు పోయిందో డాక్టరుగారు చెప్పలేకపోయారు.

ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "రాత్రి గంట మోగలేదా బాబూ?"

"మోగలేదమ్మా" అన్నాను.

అలర్టు తీసేసిన గంట మోగదు. కంప్యూటర్ని అడిగినా అదే చెబుతుంది. కానీ నేను విన్నాను... ఆయన అప్పటికే పోయి ఉంటే, మోగించింది ఎవరు? బతికే ఉంటే... నన్నే పిలిచారు. ఏది నిజమో నాకు తెలియదు. ఏది నిజమైతే బాగుండునో అది కూడా తెలియదు.