బోర్లించిన గంజు

నా చిన్నప్పుడు సాంచాల చప్పుడు ఆగితే నాకు భయమేసేది. కరీంనగర్ నుంచి బతకబోయి అప్పుడు భివండిలో ఉండేవాళ్ళం. మా గల్లీ నిండా ఆ మరమగ్గాలే. బాపు సాంచాలు నడిపేవాడు. మావైపు నుంచే వచ్చిన నలభై మంది కార్మికులకు అవ్వ, అంటే మా అమ్మ, మా రేకుల ఇంట్లో వండిపెట్టేది. ఆ వంటే మా బతుకు.

ఒక పొద్దున అక్కడి నాయకుడు నలుగురిని వెంటేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. బయటివాళ్ళు వెళ్ళిపోవాలని రోజూ అరిచే మనిషే. మా ఎండుచేపల వాసన వాళ్ళ ఊరిని పాడుచేస్తోందట, పొయ్యి ఆర్పి మూటాముల్లె సర్దుకోవాలట! అతని ఒంటిమీది చొక్కా బట్ట మాత్రం మావాళ్ళు నేసిందే.

నేను అవ్వ కొంగు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాను. అవ్వ బిందెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది. అన్నం వండే పెద్ద గంజును గడప ముందు బోర్లించి దానిమీద కూర్చుంది. మరాఠీ వచ్చి కూడా తెలుగులోనే అంది: "ఆర్పుమన్నవ్, ఆర్పిన. ఇగ సాంచాలు నువ్వే నడుపుకో, పో!"

మధ్యాహ్నం తినడానికి వచ్చినవాళ్ళు సంగతి తెలుసుకుని, ఒక్కరంటే ఒక్కరు మళ్ళీ పనిలోకి పోలేదు. గల్లీ అంతా చప్పుడు ఆగిపోయింది. మగ్గాల సేటు ఉరికొచ్చాడు. నాయకుడి ఎన్నికల ఖర్చు పెట్టేది ఆయనే మరి. వండు తల్లీ అని ఎంత బతిమాలినా అవ్వ కదల్లేదు.

"ఆర్పుమన్నోన్నే వచ్చి అంటువెట్టుమను."

సాయంత్రం ఆ నాయకుడు మా పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. తడి పొయ్యి, అగ్గిపెట్టె సగం ఖాళీ అయినా అంటుకోదే! పొగకు కళ్ళు నులుముకుంటుంటే నాకు నవ్వాగలేదు. ఆ పూట అవ్వ కావాలనే రెండింతలు ఎండుచేపలు వేయించింది.

ఇప్పుడు చొప్పదండిలో మా వాకిట్లో, నాట్లు వేయడానికి వచ్చిన బిహారీ కూలీలు వండుకుంటున్నారు. మొన్న మా వార్డు లీడరొకడు వచ్చి, ఆవనూనె కంపు కొడుతోంది, వీళ్ళను పంపెయ్యమన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

"పంపుత బిడ్డా. రేపు పొద్దుగాల నువ్వే పొలంల దిగి నాటెయ్యి" అన్నాను. వాడు బండెక్కి వెళ్ళిపోయాడు.

అవ్వ గంజు ఒక పక్క సొట్టపడి ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఆ కూలీలకే ఇచ్చాను వండుకోమని. మళ్ళీ ఎవడైనా వస్తే దాన్నెలా బోర్లించాలో, దానిమీద ఎలా కదలకుండా కూర్చోవాలో కూడా చూపించాను.