ఉత్తనీళ్ల పరీక్ష

ముందుగా ఒక వదంతిని సరిచేయాలి. పక్కింటి ప్రొఫెసరమ్మ పోయిన దిగులుతో నేను గేటుకు తాళం వేసుకుని, తిండి మానేసి, తమ్ముడు వచ్చి తెనాలి తీసుకువెళ్లే రోజు కోసం ఎదురుచూస్తున్నానని మా కాలనీలో ఒక మాట తిరుగుతోంది. పాలు పోసే ఆమె దగ్గర పుట్టిన ఆ మాట మచ్చ బొల్లారంలో ఉండే నా పాత విద్యార్థిని దాకా ప్రయాణం చేసింది. ఆ పిల్ల ఫోన్‌లో నన్ను ఓదార్చబోయి తానే ఏడ్చింది. ప్రొఫెసరమ్మ పోయిన మాట నిజం. మధ్యాహ్నం దాకా నా గేటుకు తాళం ఉంటున్న మాటా నిజం. మిగిలినదానిలో నిజం లేదు. నిన్న కూడా గోంగూర పచ్చడితో రెండోసారి అన్నం కలుపుకున్నాను. తాళం సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

పోయిన నెలలో ఒక ఉదయం, ద్రాక్ష పందిరి కింద తన పాత కుర్చీలో కూర్చుని, చాయ్‌కు నీళ్లు పెట్టమని మరదలికి చెప్పారట. ఆ నీళ్లు మరిగేలోపే వెళ్లిపోయారు. విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఒక్క ఆదివారం కూడా విశ్రాంతి తీసుకోని మనిషి చివరికి కుర్చీ దిగకుండానే సెలవు తీసుకున్నారు.

నేను ఆవిడను మొదట చూసింది తొంభైల ఆరంభంలో. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో అప్పటికింకా ద్రాక్షతోటలే ఎక్కువ, ఇళ్లు తక్కువ. మహిళా కళాశాలలో తెలుగు చెప్పి, ఉద్యోగం ముగిసే రోజులు దగ్గరపడుతుండగా నేను కొనుక్కున్న స్థలం ఆవిడ తమ్ముడి తోటకు ఆనుకుని ఉంది. గొడుగు వేసుకుని మేస్త్రీ పక్కన నిలబడి ఉంటే, కంచె అవతలి నుంచి ఒక గొంతు పలకరించింది.

“ఒక్కదానివే కట్టుకుంటున్నవా చెల్లె?”

అవునన్నాను, కొంచెం బిగుసుకుని. ఆ ప్రశ్న వెనుక వచ్చే ప్రశ్నలన్నీ అప్పటికి నాకు కంఠతా వచ్చు. కానీ ఆవిడ అవేవీ అడగలేదు.

“మంచిగైంది. ఇద్దరుంటే కిటికీ యాడ పెట్టాల్నో గదే ఒక కొట్లాట.”

ఇల్లు పూర్తయ్యాక, సామాను దింపబోతుంటే మళ్లీ వచ్చారు. ఒక్క రోజు ఏమీ లేని ఇంట్లో ఉండి చూడమన్నారు. ఎండ ఎక్కడ పడుతుందో, చప్పుడు ఎటునుంచి వస్తుందో, ఉత్త ఇల్లే చెబుతుందట. బీరువా ఎక్కించాక అది నోరు మూసుకుంటుందట. వింతగా అనిపించినా ఒక చాప పరచుకుని ఆ రోజంతా కూర్చున్నాను. రాతబల్ల వేద్దామనుకున్న చోట మధ్యాహ్నం ఎండ నిప్పులు పోసింది. బల్లను ఉత్తరపు కిటికీ దగ్గరికి మార్చాను. అక్కడినుంచి ఆవిడ పందిరి కనిపిస్తుంది. ఆ బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ సలహా ఆవిడ శాస్త్రం నుంచి వచ్చిందని తరువాత తెలిసింది. ఒక నీటి నమూనాలో ఇనుము ఎంత ఉందో తేల్చాలనుకోండి. ముందు ఆ నమూనా ఊసే లేకుండా, శుద్ధమైన నీళ్లతో ప్రయోగమంతా మొదటి నుంచి చివరిదాకా చేయాలి. అందులోనూ కాస్త ఇనుము కనిపిస్తుంది. అది గాజు గిన్నెది, వాడిన ఆమ్లానిది, చేసిన వాళ్ల చేతులది. దాన్ని తీసివేశాక మిగిలినదే నమూనాది. ప్రయోగశాలల్లో దీన్ని బ్లాంక్ అంటారు. ఆవిడ మాత్రం ‘ఉత్తనీళ్లు’ అనేవారు. పందిరి కింది మేజా మీద ఎప్పుడూ ఒక గాజు బీకరు నిండా నీళ్లు ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్లు దాహానికనుకుని చేయి చాపితే ఆ చేతి మీద చిన్న దెబ్బ పడేది.

ఆదివారాలు ఆ పందిరి కిందికి పరిశోధక విద్యార్థులు వచ్చేవారు. రసాయనశాస్త్రం వాళ్లే కాదు, చరిత్ర, అర్థశాస్త్రం, ఇంజనీరింగు, మొక్కల శాస్త్రం, ఎవరైనా సరే. మిరపకాయ బజ్జీలు, కాయల కాలమైతే పళ్లెం నిండా ద్రాక్ష, ఎడతెగని చాయ్. ఏం పరిశోధిస్తున్నావని ఆవిడ ఎవరినీ అడిగేవారు కాదు. “నీ ఉత్తనీళ్లు ఏంది?” అని అడిగేవారు. కొత్తవాళ్లు తెల్లముఖం వేస్తే పాతవాళ్లు నవ్వేవారు. ఆ నవ్వులో చేరిన రోజు నుంచే ఎవరైనా ఆ పందిరికి సొంతమయ్యేవారు.

దుండిగల్ వైపు ఒక కళాశాల నుంచి కాంక్రీటు మీద పరిశోధన చేసే అమ్మాయి వచ్చేది. మాటలో మహా పదును. “మాది సిమెంటు, కంకర మేడమ్. మనసుల గొడవ లేదు. ఈ ఉత్తనీళ్లు మాకెందుకు?” అని మొదటి రోజే ఎదురు తిరిగింది. ప్రొఫెసరమ్మ బజ్జీ నములుతూ, దిమ్మెలను నొక్కి చూసే యంత్రాన్ని ఏమీ పెట్టకుండా ఎప్పుడైనా చూశావా అని మాత్రం అడిగారు. పై ఆదివారం ఆ అమ్మాయి మిఠాయి డబ్బాతో దిగింది. ఏమీ పెట్టకముందే ముల్లు సున్నాను దాటి కూర్చుని ఉందట. అందరూ ఆ దిమ్మెలు గట్టివని మురిసిపోతుంటే, ఆ గట్టిదనంలో కొంత యంత్రం చలవ. “మిఠాయి ఎందుకే, ఫలితం పాడైనందుకా?” అని నేనడిగితే, “అచ్చు కాకముందే పాడైనందుకు మేడమ్” అంది. అలాంటి జవాబు కోసమే ఆ పందిరి బతికింది.

చరిత్ర పరిశోధకుడి కథ వేరు. పాత రికార్డులు తెరవకముందే, వాటిలో ఏం దొరుకుతుందనుకుంటున్నాడో పైకి చెప్పమన్నారు. అతను దొరల గురించి, చెరువుల గురించి, శిస్తుల గురించి చక్కగా చెప్పాడు. చాలా నెలల తరువాత ఫైళ్లన్నీ చదివి వచ్చి, దొరికినవి వరసగా వివరించాడు. మొదట చెప్పినదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. ప్రొఫెసరమ్మ అతని గ్లాసులో మరికాస్త చాయ్ పోశారు.

“బిడ్డా, నువ్వు రికార్డాఫీసుకు పోయినవా, అద్దం ముంగటికి పోయినవా?”

అందరికంటే గట్టిగా నవ్వింది అతనే. మళ్లీ వెళ్లి, ఈసారి తన ఊహకు అడ్డం తిరిగే కాగితాలనే వెతికాడు. తరువాత అతను రాసిన వ్యాసంలో నాకు నచ్చిన భాగాలన్నీ అలా అడ్డం తిరిగినవే.

ఇక నా వంతు. ఉద్యోగం ముగిశాక నేను శామీర్‌పేట చుట్టుపక్కల నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు సేకరించడం మొదలుపెట్టాను. గంజిపెట్టిన చీర, భుజాన టేపు రికార్డరు, చేతిలో తెల్లకాగితాలతో గట్టు మీద నిలబడితే, వరసలో ముందు పాడే ఆమె నడుం ఎత్తి చూసింది. “ఏందమ్మా, రేడియోల నుంచి వచ్చినవా?” అంది. కాదని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. రేడియోకు తగిన పాట ఉండాలని వాళ్లలో వాళ్లు సంప్రదించుకుని, ఎంతో మర్యాదగా నాకు ఒక సినిమా పాట పాడి వినిపించారు.

ప్రొఫెసరమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వి, నన్ను ఉత్తనీళ్లకు పంపారు. అంటే మళ్లీ అదే మడికి వెళ్లి, ఏ పాటా అడగకుండా, టేపు తిరగనిచ్చి, ఊరికే కూర్చుని రావాలి. వెళ్లి వచ్చాను. నేను నోరే విప్పలేదని నా నమ్మకం. పందిరి కింద టేపు పెడితే వినిపించిందల్లా నేనే. “ఇలా అంటారా, అలా అంటారా?”, “కాదమ్మా, ఆ మాట మళ్లీ చెప్పండి.” పాఠం చెప్పే గొంతు, ఏళ్ల తరబడి పెరిగిన గొంతు, ఆ మడి మొత్తాన్నీ తరగతి గది చేసేసింది.

“గీ ఆమె ఎవరు చెల్లె, మస్తు మాట్లాడుతాంది” అన్నారు ప్రొఫెసరమ్మ, అమాయకంగా.

ఆ ఆమెను నా పనిలోంచి తీసివేయడానికి ఒక వానాకాలమంతా, ఆపై యాసంగి నాట్ల దాకా పట్టింది. కలుపు మొక్కల పేర్లు నేర్చుకున్నాను. గట్టు మీద సద్ది మూటలకు కాపలా ఉన్నాను. ఎవరూ నన్ను పట్టించుకోని రోజు వచ్చింది. ఆ రోజు ముందు పాడే ఆమె తనంతట తాను ఎత్తుకున్న పాట నా జన్మలో విన్నవాటన్నిటిలోకి గొప్పది. ఆ సాయంత్రం టేపులో నా గొంతు ఒక్కచోట కూడా లేదు. ప్రొఫెసరమ్మ పాటంతా విని, ఆ యేటి మొదటి ద్రాక్షగుత్తిని నా ఒళ్లో పెట్టారు. నా పట్టాలన్నిటినీ ఒక బీరువాలో పెట్టాను కానీ, ఆ గుత్తిని మాత్రం అక్కడికక్కడే తినేశాను.

చుట్టూ తోటలు ప్లాట్లవుతున్న రోజుల్లో కూడా ఆదివారాలు ఆగలేదు. గాలి తిరిగితే, నగరం చెత్తంతా పోసే జవహర్‌నగర్ వాసన పందిరి దాకా వచ్చేది. పిల్లలు ముక్కులు మూసుకుంటే, “గదీ ఉత్తనీళ్లే అనుకోర్రి. గా వాసన తీసేసి ద్రాక్షను వాసన చూడుర్రి” అనేవారు. వాళ్లు నిజంగానే కళ్లు మూసుకుని ప్రయత్నించేవారు. ఒకరిద్దరు దొరికిందని కూడా అన్నారు.

అయితే ఆవిడ సన్నాహాన్ని ఎంత పొగిడేవారో, దాని హద్దును కూడా అంత కచ్చితంగా ఎరిగినవారు. అది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పాటలు పోగయ్యాయి, మాటలకు అర్థాలు పోగయ్యాయి, ఊళ్ల చరిత్రలు చదివాను. పుస్తకం మాత్రం మొదటి వాక్యం దాటలేదు. నిజానికి మొదటి వాక్యమే లేదు. ఇంకో ఊరు చూడాలి, ఇంకో వానాకాలం కావాలి అనేదాన్ని. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా “అక్కయ్యా, పెళ్లివారు వెళ్లిపోయాక కూడా పందిరే వేస్తున్నావా?” అని ఎకసెక్కం ఆడేవాడు.

ఒక ఆదివారం ప్రొఫెసరమ్మ నన్ను వంటింట్లోకి పిలిచారు. ఆవిడ మరదలు గారెలకు మినప్పప్పు నానబోసి, చుట్టాల పెళ్లికి వెళ్లి, అక్కడే రెండు రోజులు ఉండిపోయి వచ్చింది. గిన్నె మూత తీసి నా ముఖం ముందు పెట్టారు. పులిసిపోయిందన్నాను.

“నానవెట్టుడు మంచిదే చెల్లె. నానవెట్టి మరిసిపోతే, తప్పు పప్పుది గాదు.”

నాకు కోపం వచ్చింది. నన్ను ఎవరూ అలా అనలేదు, నేను ఎవరినీ అననివ్వలేదు. ఇంకా ఒక ఊరి పాటలు సరిచూసుకోవాలని గట్టిగానే చెప్పాను. ఆవిడ ఆ ఊరి పేరు అడిగి, మెత్తగా అన్నారు. “గా ఊర్ల ఇగ నాటేసే మడి లేదు. ప్లాట్లయింది. నువ్వు ఎవల దగ్గర సరి చూసుకుంటవ్?”

కొన్నాళ్లు పందిరి కిందికి వెళ్లలేదు. కంచె మీదుగా ద్రాక్షపళ్లు రావడం మాత్రం ఆగలేదు. ఆ రోజుల్లోనే మేడ్చల్ బస్సులో ముందు పాడే ఆమె కనిపించింది. మడులు పోయాక ఒక ఇంజనీరింగు కళాశాలలో ఊడ్చే పనికి వెళుతోంది. జుట్టంతా నెరిసింది. నా పక్కన సీటు చూసుకుని కూర్చుని, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నదే అడిగింది. “మా పాట అచ్చుల వడ్డదా అమ్మా? నాతోని పాడినోళ్లల్ల ఇద్దరు పోయిన్రు. నేనన్న సూత్తనా?” బస్సు దిగి, ఇంటికి వెళ్లకుండా నేరుగా పందిరి కిందికి వెళ్లాను. ప్రొఫెసరమ్మ నన్ను చూసి కుర్చీ జరిపారు.

చివరిసారి మాట్లాడుకున్నది ఆవిడ పోయే ముందురోజు సాయంత్రం. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పిన సంగతి ఆవిడ ఒక వార్తలా చెప్పారు. భయంగా ఉందా అక్కయ్యా అని అడిగాను. బీకరు వైపు చూసి నవ్వారు.

“అన్నిటికీ ఉత్తనీళ్ల పరీక్ష చేసిన. చావుకు చేద్దామంటే కుదురుతలేదు చెల్లె. గదొక్కటి తయ్యారి లేకుండనే పోవాలె. ఒక్కటన్న గట్లుండని, మజా ఉంటది.”

తరువాత లేచి వెళుతున్న నన్ను వెనక్కి పిలిచి, ఒక్క మాటే అన్నారు. “ఇగ రుబ్బు.”

దినాలు అయ్యాక ఆవిడ మరదలు ఆ బీకరును రెండు చేతులతో పట్టుకుని, నీళ్లు తొణకకుండా, మా గుమ్మం దాకా నడిచి వచ్చింది. “వదినె మీకియ్యమన్నది” అంది. ఉత్తరపు కిటికీ దగ్గర రాతబల్ల మీద పెట్టాను. కొన్ని రోజులు దాన్ని చూస్తూ కూర్చున్న మాట వాస్తవం. వదంతి బహుశా ఆ రోజుల్లోనే పుట్టి ఉంటుంది.

తరువాత నేను ఎవరినీ సంప్రదించకుండా చేసిన పనులు ఇవి. నన్ను తీసుకువెళ్లడానికి రావద్దని తమ్ముడికి చెప్పాను. పుస్తకం చదవడానికైతే రావచ్చన్నాను. ఆదివారాలు ఇకపై నా వరండాలో, భోజనాలయ్యాక జరుగుతాయని పిల్లలకు కబురు చేశాను. బజ్జీలు నా చేతివి, కారం కొంచెం ఎక్కువ. మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం దాకా గేటుకు తాళం ఉంటుంది, ఎవరు పిలిచినా తీయను. రాసిన ప్రతి పాటనూ మొదట వినేది ముందు పాడే ఆమె. సెలవురోజున వస్తానని మాట ఇచ్చింది.

గేటుకు తాళం వేసిన మొదటి ఉదయం బీకరు తీసుకువెళ్లి, అందులోని నీళ్లను కంచె పక్క ద్రాక్షతీగ మొదట్లో పోశాను. తెచ్చి బల్ల మీద బోర్లించాను. అంచు చుట్టూ ఒక గుండ్రటి తడి మరక పడింది. అది ఆరేలోపు మొదటి పేజీ రాసేశాను.